లో వోల్టేజీ

కౌసర్ ఆటో దిగేలోపే జయపాల్ యాంప్లిఫయర్ ప్లగ్గును గోడ సాకెట్లోంచి పీకి, ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజర్లో పెట్టేశాడు. వైరును మంచం కిందనుంచి లాగి, కనపడే చోట గోనెసంచి కప్పాడు. చేతులు లుంగీకి తుడుచుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆ అమ్మాయి మైకు స్టాండు చంకలో ఇరికించుకుని, చున్నీతో ముక్కు మూసుకుని తుమ్ముతోంది.

"జయపాల్ గారి..." మళ్ళీ తుమ్మింది. "జయపాల్ గారి ఇల్లు ఇదేనా అంకుల్?"

"ఇదేనమ్మా. ముందు లోపలికి రా. ఎదురుగా అన్నీ కల్లాలే. కొత్తోళ్ళకి ఈ ఘాటు పడదు."

రోడ్డు అవతల కనుచూపు మేర మిరపకాయ ఆరబోసి ఉంది. ఆడకూలీలు తలలకు గుడ్డలు చుట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఆ వెనక పొలాల్లో బోరు మోటార్లు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి.

ముందు గది జయపాల్ మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు గోడవారగా వరసగా ఉన్నాయి. బల్ల మీద ఒకటి పొట్ట విప్పి ఉంది. మాడిపోయిన రాగితీగ నల్లగా, కమురు వాసన వేస్తోంది. పైన బల్బు పండు మిరపకాయ రంగులో వెలుగుతోంది. పొలాలకు కరెంటు ఇచ్చే వేళ అది. పొదిలికి ఆవల, ఊరి చివరనున్న ఈ వీధికీ పొలాలకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. బోర్లన్నీ ఒక్కసారి నీళ్ళు లాగితే ఇళ్ళల్లో ఫ్యాన్లు నీరసపడతాయి. మోటార్లు కాలతాయి. కాలినవి జయపాల్ దగ్గరికి వస్తాయి.

యాంప్లిఫయర్ కూడా ఆ వేళలోనే బాగా పలుకుతుంది. కరెంటు నిండుగా అందితే లోపలి గాజు వాల్వులు బిగుసుకుంటాయి. వోల్టేజీ నూట ఎనభైకి పడిపోతే మెత్తబడతాయి. గిటారు కాస్త గట్టిగా మీటితే చాలు, శబ్దం ముందు కుంగుతుంది, ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతుంది, చివర్లో గొంతు జీరపోతుంది. ఈ సంగతి జయపాల్ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పోయిన నెల ఇదే వీధిలోని ముసలామె ఆదెమ్మ జ్ఞాపకార్థ కూటంలో మధ్యాహ్నం పూట అతను వాయిస్తుంటే ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో చేతులు మారి మారి, గుంటూరు బ్రాడీపేటలో చర్చి పాటలు రికార్డు చేసే సాయికౌశిక్ దాకా వెళ్ళింది. అతను జయపాల్‌ని యాంప్లిఫయర్‌తో సహా గుంటూరు పిలిపించాడు. ఏసీ గదిలో, నిండు కరెంటులో అది ఊరికే ఒక పెట్టెలా పలికింది. పోయిన వారం మళ్ళీ ఫోన్ చేశాడు.

"మీ ఇంటి దగ్గరే పట్టుకుందాం అంకుల్. మా ఇంజనీర్ వస్తుంది. ఒక్కసారి ఆ సౌండ్ పట్టుకున్నామంటే ఇక మిమ్మల్ని కదిలించే పనే ఉండదు."

"సరే బాబూ, పంపించు" అన్నాడు జయపాల్. ఫోన్ పెట్టేశాక ఆ చివరి మాట గొంతులో చేపముల్లులా ఆగిపోయింది. ఆ రోజునుంచీ, బయట ఎంత పడినా వోల్టేజీని నిండుగా నిలబెట్టే స్టెబిలైజర్ వైపు చూస్తూనే ఉన్నాడు.

కౌసర్ సంచులు దించి, లోపలి గదిలో యాంప్లిఫయర్ ముందు గొంతుక్కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. జుట్టు పైకి బిగించి పెన్ను గుచ్చింది. పెట్టెను తాకకుండానే చుట్టూ తిరిగి చూసింది. వేపచెక్క పెట్టె, ముందు పన్నెండంగుళాల స్పీకరుకు గోనెగుడ్డ, పైన ఒక ఎర్రలైటు, రేడియోల నుంచి తీసిన గుండీలు. ఏ రెండూ ఒక జత కావు. వెనక మూత లేదు. చీకట్లో నాలుగు గాజు వాల్వులు, రెండు చిన్నవి, రెండు పెద్దవి.

"ఎవరు చేశారంకుల్?"

"పెట్టె, ట్రాన్స్‌ఫార్మరూ నాయి. లోపలి వైరింగు గుంటూరు ఇషాక్ గారిది. పాత సినిమా హాలు మిషన్లు బాగుచేసేవోడు. స్పీకరు కూడా ఏదో మూసేసిన హాలుదే."

"ఇదేంటి, రెండు స్విచ్‌లు?"

"ఇది వేస్తే వాల్వులు వేడెక్కుతాయి. అయి వేడెక్కినాక ఇది వెయ్యాలి. తొందరపడితే వాల్వు పోయిద్ది."

మొదటి స్విచ్ వేశాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని గాజులోపల ఎర్రని గీతలు పుట్టడం చూశారు. దుమ్ము వేడెక్కి, కాగిన ఇనుప పెనం వాసన వచ్చింది. రెండో స్విచ్ వేయగానే పెట్టె సన్నగా ఝుమ్మంది. జయపాల్ గిటారు ఒళ్ళోకి తీసుకుని మీటాడు.

శుభ్రంగా, గట్టిగా వచ్చింది. కొత్త స్టీలు గిన్నెకు గరిటె తగిలినట్టు.

కౌసర్ తన ఫోన్లో ఆ వీడియో పెట్టింది. చిన్న స్పీకర్లోంచి, జనం దగ్గుల మధ్యనుంచి, అదే గిటారు వేరే మనిషిలా పలికింది. ఆమె జయపాల్ వైపు చూసింది.

"ఇదీ అదీ ఒకటి కాదంకుల్."

"అదే పెట్టె. అదే గిటారు. అయ్యే వేళ్ళు. ఫోన్లో తీస్తే అట్టా వచ్చిందేమో."

"ఫోన్లో పాడవుతుంది గానీ బాగుపడదు."

ఆ మాటకు జయపాల్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఆమె మైకు స్పీకరుకు దగ్గరగా జరిపింది, దూరం జరిపింది. పెట్టెను గోడ నుంచి లాగించింది, గుండీలు తిప్పించింది. మధ్యలో ఫ్రిజ్ వైపునుంచి స్టెబిలైజర్ టక్ మంది. జయపాల్ గట్టిగా దగ్గాడు. ఆమె తల తిప్పి ముందు గదిలోకి ఒకసారి చూసి, మళ్ళీ మైకు పనిలో పడింది.

మధ్యాహ్నానికి ఆమె బ్యాగ్‌లోంచి టిఫిన్ బాక్సు తీసింది.

"అది సాయంత్రం తిందువుగానీ. గోంగూర పప్పు చేశా. తింటావుగా?"

"గుంటూరు దాన్ని అంకుల్, గోంగూర తినవా అని అడిగితే ఎలా?"

జయపాల్ అటక మీదనుంచి రెండో కంచం దించాడు. బూజు పట్టి ఉంది. పెరట్లోకి తీసుకెళ్ళి బూడిదతో తోమి, రెండుసార్లు కడిగి తెచ్చాడు. ఆమె గుమ్మంలోంచి చూసింది.

"మీ ఇంట్లో ఏమనరా అమ్మా, ఈ చర్చి పాటల పని?" వడ్డిస్తూ అడిగాడు.

"మా అమ్మ మొదట్లో నాతో మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు గిన్నెలు తోముతూ ఆ పాటలే కూనిరాగం తీస్తుంది. నేను వస్తే ఆపేస్తుంది."

జయపాల్ ఈసారి నవ్వాపుకోలేదు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. చాలాకాలం విప్పని మోటారు మూత విప్పినట్టు కిర్రుమంది.

ఆటో వచ్చేవేళకు కౌసర్ సంచులు సర్దుకుంది. "ఇవాళ రాలేదు. పొదిలి లాడ్జిలో ఉంటా, రేపు మళ్ళీ ట్రై చేస్తానంకుల్. మీకు ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది?"

ఆమె వెళ్ళాక లోపలికొచ్చి, ప్లగ్గు తీసి మళ్ళీ గోడకు పెడదామని వంగాడు. పట్టుకున్నవాడు వదిలేశాడు. ఇంతకుముందు అది దాపరికం. సౌండు తన దగ్గర ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్ని వెతుక్కుంటూ వస్తారు, చేజారిపోతే రారు, అంతవరకే అనుకున్నాడు. ఇప్పుడు ఇంకోటి తోచింది. సౌండు రానంతకాలం ఈ అమ్మాయి రేపు కూడా వస్తుంది.

గోనెసంచిని సరిగ్గా సర్ది, లేచాడు.

*

పొద్దున్నే సైకిలు మీద పొదిలి వెళ్ళాడు. జైతున్‌బీ కోడిమాంసం కొట్టు అప్పుడే తెరిచింది.

"ఏంది జయపాలూ, ఆదివారమే కొననోడివి, మంగళవారం పొద్దున్నే వచ్చావు?"

"చుట్టాలొచ్చారు."

"నీకు చుట్టాలా?" అని కత్తి ఆపి చూసింది. అతను నిజంగానే నిలబడి ఉండటంతో మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. "మీ ఊళ్ళోనే ఏసోబు కొట్టుంది గదయ్యా. ఇంత దూరం తొక్కుకుంటా వచ్చావా?"

"ఆ అమ్మాయి మీవాళ్ళమ్మాయి. మీ దగ్గర కోసిందయితే మొహమాటపడకుండా తింటది."

జైతున్‌బీ మెడ ముక్క తీసేసి, దాని బదులు మంచి ముక్క వేసింది.

కౌసర్ ఈ రోజు ముక్కుకు మాస్కు కట్టుకుని వచ్చింది. ల్యాప్‌టాప్‌కు ఒక చిన్న డబ్బా తగిలించి, దానిలోంచి వైరు తీసి యాంప్లిఫయర్‌కు పెట్టింది.

"మీరు వాయించనక్కర్లేదు అంకుల్. ఇందులోంచి కొన్ని శబ్దాలు మీ యాంప్‌లోకి పంపిస్తా. అది వాటిని ఎలా మారుస్తుందో కంప్యూటర్ విని నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఇక యాంప్‌తో పనుండదు. ఎవరి గిటారైనా ఇందులో పెడితే ఇలాగే పలుకుతుంది."

"ఏదీ, కానీ."

బటను నొక్కింది. పెట్టెలోంచి ఈల, ఈల మీద గురక, గురక మీద ఇసుక జల్లినట్టు శబ్దం. ఆగి, మళ్ళీ. జయపాల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన పెట్టెను ఎవరో డాక్టరు నోరు తెరిపించి, నాలుక బయటపెట్టించి పరీక్ష చేస్తున్నట్టుంది. లేచి బయటికి పోదామనిపించింది, పోలేదు.

వీధిలోంచి ఏసోబు కేక వినిపించింది. "ఒరేయ్ జయపాలూ, ఏందిరా అది? పెట్టెలో దెయ్యం దూరిందా? పాస్టరు గారిని పిలవమంటావా?"

"పిలువు. నీక్కూడా ప్రార్థన చేయించుకోవచ్చు" అని అరిచాడు జయపాల్.

కౌసర్ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కూడా మైకులోకి వెళ్ళిపోయిందని, మళ్ళీ మొదట్నుంచీ చేయాలని చెప్పి, మళ్ళీ నవ్వింది.

కంప్యూటర్ నేర్చుకున్నది తెరిచి వినిపించింది. స్టీలు గిన్నె. అచ్చం స్టీలు గిన్నె. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"రాలేదు కదా?" అన్నాడు జయపాల్. గొంతులో బాధ పలికించడానికి ప్రయత్నించాడు.

"రాలేదంకుల్" అంది ఆమె తల దించుకుని వైర్లు చుడుతూ.

మధ్యాహ్నం ఆమె కోడికూర రెండోసారి వేయించుకుంది. ఎక్కడిదని అడిగింది. పొదిలిదన్నాడు. ఏ కొట్టని అడిగింది. చెప్పాడు. ఆమె తినడం ఒక క్షణం ఆపి, ముక్క విరిచి అన్నంలో కలుపుకుంది.

"కారం ఎక్కువైందా?"

"లేదంకుల్. బాగుంది."

తిన్నాక పని ఏమీ లేనట్టే బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. జయపాల్ కాయిలు చుడుతున్నాడు. ఎడంచేత్తో మిషను పిడి తిప్పుతూ, కుడిచేతి వేళ్ళ మధ్యనుంచి తీగను వదులుతున్నాడు. తీగ వదులైతే కాయిలు మోగుతుంది, బిగువైతే తెగుతుంది.

"నేను పట్టుకోనా?" అని తీగ రీలు తీసుకుంది. అతను చుడుతుంటే ఆమె రీలును రెండు చేతుల మధ్య గాలిపటం చరఖాలా వదులుతూ నిలబడింది. రాగితీగ వెచ్చగా వేళ్ళ మధ్య జారుతోంది. ఈ పని ఇద్దరు చేస్తే ఎంత తేలికో జయపాల్ మర్చిపోయాడు.

"అంకుల్, ఈ సౌండ్ వస్తే ఏం చేస్తారో సార్ మీకు చెప్పారా?"

"పాటల్లో వాడతారంటగా."

"వాడతారు. దాన్ని ఫైలు చేసి అమ్ముతారు కూడా. పేరు కూడా పెట్టేశారు. పొదిలి వింటేజ్. ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ పేరుండదు. మీకేమీ రాదు."

"పేరెందుకులేమ్మా" అన్నాడు. తీగ ఒక చుట్టు తిరిగాక, "అప్పుడు ఇక నాతో పనుండదు కదా" అన్నాడు.

"ఉండదంకుల్."

ఇంకేదో అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అతను తీగ కొస తుంచి, గుడ్డగొట్టం తొడిగి, ముడి వేశాడు.

అంతలో సాయికౌశిక్ ఫోన్. ఆమె రీలు బల్లమీద పెట్టి పెరట్లోకి వెళ్ళింది. గోడమీంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "లేదు సార్... అన్నీ మార్చి చూశాను సార్... మైక్ ప్రాబ్లం కాదు సార్... చెవులు ఉన్నాయి సార్." చివరి మాట నెమ్మదిగా అంది. తిరిగి వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది.

"ఏమన్నాడు?"

"రేపొక్కరోజు చూడమన్నారు."

రేపొక్కరోజు. జయపాల్ ఆ మాటలో మొదటి సగమే విన్నాడు. సాయంత్రం ఆటో దుమ్ము రేపుకుంటూ వెళ్ళాక, రేపు చేపలు దొరుకుతాయా అని ఏసోబును అడగడానికి వీధిలోకి నడిచాడు. ఏసోబు నోరు తెరుచుకుని చూశాడు. ఆదివారం ఆరాధనకైనా చివరి బెంచీలో కూర్చుని, దీవెన కాగానే మాయమయ్యే మనిషి తన గుమ్మంలో నిలబడి చేపల గురించి మాట్లాడుతున్నాడు.

*

మూడో రోజు కౌసర్ సంచి ఒకటే తెచ్చింది. మైకు స్టాండు విప్పి నిలబెట్టింది గానీ, కిందటి రోజుల్లా దాని చుట్టూ తిరగలేదు. చేపల పులుసు కొంచెం తిని చాలంది.

"నచ్చలేదా?"

"బాగుందంకుల్. ఆకలిగా లేదు. సార్ పొద్దున కూడా తిట్టారు. ఇవాళ రాకపోతే ఇది వదిలేద్దాం అన్నారు. చీమకుర్తిలో ఒకాయన దగ్గర పాత వాల్వు యాంప్ ఉందట. రేపటినుంచి అక్కడికి."

జయపాల్ చేతిలో ముద్ద కంచంలోనే ఆగిపోయింది.

"నీకేమన్నా ఇబ్బందా? ఇది రాకపోతే?"

"ఉద్యోగం తీసేయరులెండి. నీకు చెవులు లేవు, ఆడపిల్లల్ని పెట్టుకుంటే ఇంతే అంటారు. అంతే." మామూలుగా చెప్పి, కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

కుండీలో నీళ్ళు ముంచిన చప్పుడైంది. జయపాల్ ఎంగిలి చేత్తోనే కూర్చుండిపోయాడు. తను దాచుకున్నది తనదని రెండు రోజులు అనుకున్నాడు. ఆ పిల్ల వినికిడి మీద, ఆ పిల్ల పని మీద మాట పడుతుందని ఒక్కసారి కూడా తట్టలేదు. కోడి కోసం పొదిలి దాకా తొక్కిన మనిషికి ఇది తట్టలేదు.

లేచాడు. చెయ్యి తుడుచుకుని గోనెసంచి పక్కకు లాగాడు. స్టెబిలైజర్లోంచి ప్లగ్గు పీకి గోడ సాకెట్లో గుచ్చాడు. పెట్టె మీది ఎర్రలైటు ఆరి, మళ్ళీ వెలిగింది, ఈసారి బయటి బల్బులాగే మసకగా. వాల్వులు వేడెక్కేదాకా ఆగి రెండో స్విచ్ వేశాడు. గిటారు తీసుకుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆమె చేతులు చున్నీకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకొక్కసారి చూద్దామమ్మా. నీ మిషను పెట్టుకో."

ఆమె ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది. జయపాల్ ఆమెను చూడకుండా మీటాడు.

వచ్చింది.

మొదటి స్వరం కాస్త వెనక్కి తగ్గి, అడుగు పెట్టాలా వద్దా అని గుమ్మంలో ఆగినట్టు ఆగి, తర్వాత గదినిండా పరుచుకుంది. చివర్లో జీర. పొలాల్లో బోరు మోటార్లు ఇంకొంచెం కరెంటు గుంజినప్పుడు ఆ జీర ఇంకొంచెం మందమైంది. అతను నెమ్మదిగా వాయిస్తే పెట్టె శుభ్రంగా మాట్లాడింది, వేలితో గట్టిగా లాగితే గొంతు పూడుకుపోయింది. స్వరాన్ని వణికించే గుండీ తిప్పాడు. స్వరం నీళ్ళమీద దీపంలా ఊగింది. ఆదెమ్మ కూటంలో వాయించిన పాటే మొదలుపెట్టాడు, అది అయిపోయాక ఆపలేదు, ఎప్పుడూ ఎవరికీ వినిపించనిది ఒకటి ఎత్తుకున్నాడు. ముందు గదిలో రేకు డబ్బాలో స్క్రూలు సన్నగా కదిలాయి. ఇంకొంచెం వాయిస్తే ఆమె ఇంకొంచెం సేపు కూర్చుంటుంది. అందుకని వాయించాడు.

చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి తీగలమీదే ఉంచి, తలెత్తాడు.

కౌసర్ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్ మూసి ఉంది.

"పట్టుకున్నావా?"

"లేదంకుల్."

"ఏందమ్మా, తెరవనేలేదా?"

"మొదటి రోజే చూశాను" అంది. "అక్కడ టక్ మన్నప్పుడు. బయట బల్బు ఆరిపోయేలా ఉంది, మీ యాంప్ లైటేమో ధగధగలాడుతోంది. వైరు ఎక్కడికి పోయిందో చూస్తే తెలిసిపోయింది."

జయపాల్ చెవులు వేడెక్కాయి. గిటారు పక్కన పెట్టబోతే అది గోడకు తగిలి, పెట్టెలోంచి పెద్ద చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"తప్పేనమ్మా."

"తప్పేంటంకుల్? మీ సౌండ్ మీరు ఇవ్వనన్నారు. నోటితో అనలేక అలా అన్నారు. నాకు అర్థమైంది. అందుకే నేనూ సార్‌కి రాలేదనే చెప్పా."

"మరి నిన్న? ఇయ్యాల? తెలిసీ ఎందుకొచ్చావు?"

"మొదటి రోజే రాలేదని చెప్తే ఆయన నమ్మరు. ఆయనే కారేసుకుని వచ్చేస్తారు. వచ్చారంటే ఏదోటి చేసి పట్టుకుపోతారు. మూడు రోజులు చూసింది, రాలేదు అంటే వదిలేస్తారు." ఆమె మొహంలో, పరీక్ష బాగా రాసి వచ్చిన పిల్ల మొహంలో ఉండే వెలుగు ఉంది. "ఇప్పుడు వదిలేసినట్టే. మీ సౌండ్ మీ దగ్గరే ఉంటుంది."

జయపాల్ గిటారును మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. అంటే ఆ కోడికూర రెండోసారి వేయించుకోవడం, ఆ రాగిరీలు పట్టుకుని నిలబడటం, అదంతా రోజు గడపడానికే అన్నమాట. అలా అనుకోవడం కూడా అన్యాయమని వెంటనే తెలిసింది. ఆమె నవ్వు నిజమైనదే. కానీ రేపు రావడానికి ఆమెకు ఉన్న కారణం అయిపోయింది, అతనిది అయిపోలేదు.

"తీసుకోమ్మా" అన్నాడు. "నిజంగానే చెప్తన్నా. మిషను తెరువు. మళ్ళీ వాయిస్తా. కాకపోతే ఇయ్యాల పూర్తిగా రాదు, రెండు మూడు రోజులు పట్టిద్ది. పట్టనీ. నేనెక్కడికీ పోనుగా."

"వద్దంకుల్. నన్ను తిడుతున్నారని మొహమాటానికి ఇస్తున్నారు. తర్వాత బాధపడతారు."

"మొహమాటం కాదు."

"మరి?"

అతను గిటారు తీగ మీద చెయ్యి పెట్టి మోగకుండా నొక్కాడు. మరి ఏమిటో చెప్పడానికి మాటలున్నాయి, చాలా చిన్నవి. ఆరవై దాటిన మనిషి, కూతురు వయసు పిల్లతో, పరాయి ఆడపిల్లతో, రేపు కూడా రావా అని ఏ మొహంతో అంటాడు?

"ఏం లేదులే. ఆటో టైమైనట్టుంది."

మైకు స్టాండు తనే మడిచి, తనే మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చాడు. కల్లాల్లో కాయ మీద పట్టలు కప్పుతున్నారు. పొలాలకు కరెంటు తీసేశారు, మోటార్లు ఒకటొకటే మూగబోతున్నాయి. కౌసర్ ఆటోలో సర్దుకుని కూర్చుని, తల బయటపెట్టింది.

"ఇక మీ జోలికి ఎవరూ రారంకుల్. నేను చూసుకుంటాగా."

"మంచిదమ్మా" అన్నాడు జయపాల్. "జాగ్రత్త."

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చాడు. కంచాలు తోమి బోర్లించాడు. చేపల పులుసు ఇంకా సగం ఉంది, మూత పెట్టాడు. చుట్టిన కాయిలును వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాడు. ముందు గదిలో బల్బు తెల్లగా వెలుగుతోంది. యాంప్లిఫయర్ ఆపలేదు. దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు గానీ గిటారు తీసుకోలేదు. ఉత్తినే ఝుమ్మంటోంది.

ఫోన్ మోగింది. సాయికౌశిక్.

"అంకుల్, కౌసర్ ఇప్పుడే ఫోన్ చేసింది. రాలేదట. అసలు మూడు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదా?"

జయపాల్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నాకెందుకో డౌటుగా ఉందంకుల్. ఆ అమ్మాయికి ఇలాంటివి సరిగా రావు. మీరు నిజం చెప్పండి, సౌండ్ ఉందంటే నేనే వస్తా. రేపే బయల్దేరతా. మీ ఇంట్లో చోటుంటే రెండు మూడు రోజులు అక్కడే ఉండి, నిదానంగా చేసుకుంటా. పులుసులూ అవీ బాగా చేస్తారటగా, చెప్పింది."

చోటుంది. లోపలి గదిలో మంచం ఉంది. ముందు గదిలో మోటార్లు జరిపితే ఇంకో మంచం పడుతుంది. అటక మీద ఇంకా కంచాలున్నాయి. ఉందని ఒక్క మాట అంటే చాలు.

అంటే, ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని అన్నట్టు.

"లేదు బాబూ" అన్నాడు జయపాల్. "పాపం ఆ అమ్మాయి చెయ్యాల్సిందంతా చేసింది. చాలా పనిమంతురాలు. పెట్టెలోనే పోయింది. వాల్వులు ముసలివైపోయినాయి. ఇక రాదు."

"అయ్యో. ఖాయమేనా?"

"ఖాయమే."

"సరే అంకుల్. ఇక మిమ్మల్ని డిస్టర్బ్ చెయ్యంలెండి." పెట్టేయబోతూ ఆగాడు. "అవునూ, మీ వెనకాల ఏదో హమ్ వినిపిస్తోంది. యాంప్ ఆన్‌లో ఉందా?"

జయపాల్ పెట్టె వైపు చూశాడు. నాలుగు వాల్వులూ నిండుగా వెలుగుతున్నాయి.

"కాదు బాబూ, పొలాల్లో మోటార్లు" అన్నాడు.

పొలాలకు కరెంటు తీసేసి అప్పటికి చాలాసేపయింది.